మౌస్ తోక తెగిన కథ: తప్పు చేతిదా, మౌస్‌దా?

ఈసారి పోస్టు కొంచెం పొడుగైంది. మా హాస్టల్ కంప్యూటర్ గదిలో జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెట్టి, ఎనభై ఏళ్ల వెనక్కి పోయి, మళ్లీ అదే గదికి వస్తాం. ఆన్‌లైన్ పరీక్షలకు ప్రాక్టీసు చేస్తున్నవాళ్లు మాత్రం తప్పకుండా చివరిదాకా చదవండి.

మా గదిలో పది డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. అన్నిటికీ వైర్‌లెస్ మౌస్‌లే. సాయంత్రం 7 నుంచి 9 దాకా మాక్ టెస్టులు రాసుకోవడానికి గది తెరుస్తారు. ఈ ఏడాదే హాస్టల్‌కి వచ్చిన తమ్ముడొకడు రోజూ నాలుగో నంబరు సిస్టమ్ దగ్గర కూర్చునేవాడు. ఇక్కడికి వచ్చేదాకా కంప్యూటర్ ముట్టుకున్నవాడు కాదు. వాడి మౌస్ బాణం ఒక్కోసారి ఉన్నచోటే బిగుసుకుపోయేది, ఒక్కోసారి అంగలు వేసేది. రెండో ఆప్షన్ మీద నొక్కబోతే మూడో దాని మీద పడేది. గంట టెస్టులో పావుగంట దాంతో కుస్తీకే సరిపోయేది. గది చూసుకునే సార్‌కి చెబితే, "మీవాళ్లకి మౌస్ పట్టుకోవడమే రాదు, ముందు అది నేర్చుకోండి" అన్నారు. పది మందిలో అన్నారు.

తమ్ముడు ఎదురు మాట్లాడలేదు. వారం తర్వాత ఒక ఉద్యోగ నోటిఫికేషన్ గురించి, "అప్లై చేశావా రా?" అని మేం అడిగాం. "కంప్యూటర్ మీద రాసే పరీక్ష నాకొద్దన్నా. నా చెయ్యి దానికి పనికిరాదు" అన్నాడు. ఆఖరు తేదీకి ఇంకా తొమ్మిది రోజులుంది.

ఆ మాట మమ్మల్ని కుదురుగా ఉండనివ్వలేదు. తప్పు చేతిదా, మౌస్‌దా తేల్చేద్దాం అనుకున్నాం. తేల్చబోతే, ఇది మా ఒక్క గది గొడవ కాదని, దీని వెనక పెద్ద చరిత్రే ఉందని తెలిసింది.

తోక ఉన్న రోజులు

మౌస్‌ని ఊహించిన మనిషి అమెరికాకు చెందిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో నేవీలో రాడార్ టెక్నీషియన్‌గా ఫిలిప్పీన్స్‌కి వెళ్లాడు. అక్కడ లేటే దీవిలో రెడ్‌క్రాస్ వాళ్ల లైబ్రరీ ఒకటి ఉండేది. అది స్థానికులు కట్టుకునే పద్ధతిలో గుంజల మీద నిలబెట్టిన గుడిసె. ఆ గుడిసెలో కూర్చుని వానెవర్ బుష్ 1945లో రాసిన వ్యాసం చదివాడు. మనిషి తనకు తెలిసినదాన్ని దాచుకోవడానికి, కావలసినప్పుడు వెతుక్కోవడానికి యంత్రం ఎలా సాయపడగలదో అందులో ఉంది. ఎంగెల్‌బార్ట్ జీవితమంతా చేసిన పనికి విత్తనం అక్కడ పడింది. కంప్యూటర్ చరిత్రంతా ఏసీ గదుల్లోనే పుట్టిందనుకునేవాళ్లకి ఈ ముక్క చెప్పండి.

తర్వాత కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫోర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఆయన ఆలోచనను బట్టి బిల్ ఇంగ్లిష్ అనే ఇంజినీర్ 1964లో మొదటి మౌస్ తయారుచేశాడు. చెక్క డబ్బా, దాని కింద ఒకదానికొకటి అడ్డంగా రెండు లోహపు చక్రాలు, పైన ఒకే బటన్. వైరు తోకలా వేలాడేది కాబట్టి ఎలుక అన్నారు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో తమకే గుర్తులేదని ఎంగెల్‌బార్ట్ తర్వాత చెప్పాడు.

మాకు బాగా నచ్చిన సంగతి దాని తర్వాతది. మౌస్ ఒక్కటే వాళ్ల చేతిలో లేదు. లైట్ పెన్, జాయ్‌స్టిక్, మోకాలితో కదిపే పరికరం కూడా ఉన్నాయి. వీటిలో ఏది మేలో తేల్చడానికి అనుభవం ఉన్నవాళ్లనీ, ఎప్పుడూ ముట్టుకోనివాళ్లనీ కూర్చోబెట్టి వాడించారు. గురి మీదికి చేరడానికి ఎంత సేపు పట్టింది, ఎన్నిసార్లు గురి తప్పింది లెక్కగట్టారు. ఆ ఫలితాలు 1967లో అచ్చయ్యాయి. గమనించారా, అక్కడ పరీక్ష పెట్టింది మనుషులకి కాదు, పరికరాలకి. కొత్తవాడి చెయ్యి తడబడితే పరికరం గురించి ఒక విషయం తెలిసింది అని రాసుకున్నారు తప్ప, నీకు రాదు పొమ్మనలేదు.

1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో సుమారు వెయ్యి మంది ముందు ఎంగెల్‌బార్ట్ తొంభై నిమిషాలపాటు మౌస్‌తో కంప్యూటర్ నడిపి చూపించాడు. అదే ఏడాది జర్మనీలో టెలిఫుంకెన్ కంపెనీ బంతితో దొర్లే మౌస్‌ని అమ్మకానికి పెట్టింది. ఎంగెల్‌బార్ట్ మౌస్‌కి 1970లో పేటెంట్ వచ్చింది. అయితే హక్కులు సంస్థవి కావడంతో ఆయనకి రాయల్టీ ఏమీ ముట్టలేదు. 1984లో ఆపిల్ మాకింటాష్ వచ్చాక మౌస్ మామూలు జనం బల్లల మీదికి చేరింది.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఆ తోక రెండు పనులు చేసేది. కంప్యూటర్ నుంచి మౌస్‌కి కరెంటు తెచ్చేది, మౌస్ నుంచి కంప్యూటర్‌కి కబురు తీసుకెళ్లేది. తోక తెంచినవాళ్లు ఈ రెండు పనులకీ వేరే దారి చూసుకోవాల్సి వచ్చింది. కరెంటు బదులు బ్యాటరీ వచ్చింది. కబురు బదులు తరంగం వచ్చింది. వైర్‌లెస్ మౌస్ మొరాయింపుల్లో చాలా భాగం ఈ రెండు చోట్లే పుడతాయి.

తోక తెంచారు

1984లో స్విట్జర్లాండ్‌లో పుట్టిన లాజిటెక్ కంపెనీ, మెటాఫర్ అనే కంప్యూటర్ కోసం తోక లేని మౌస్ చేసింది. అది టీవీ రిమోట్ మాదిరి ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పనిచేసేది. రిమోట్‌కి టీవీకి మధ్య మనిషి నిలబడితే ఏమవుతుందో మనకు తెలుసు. దీనికీ అంతే, మధ్యలో పుస్తకం ఉన్నా కబురు ఆగేది.

1991లో అదే కంపెనీ రేడియో తరంగాలతో నడిచే మౌస్ తెచ్చింది. రేడియోకి పుస్తకం అడ్డం కాదు. ఆ తర్వాత చాలా ఏళ్లు వైర్‌లెస్ మౌస్‌లు ఎక్కువగా 27 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేశాయి. ఆ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. అంత పొడుగు తరంగాన్ని అరచేతిలో పట్టే చిన్న యాంటెన్నా సరిగ్గా అందుకోలేదు. అందుకే మౌస్ ఒకటి రెండు మీటర్లు దాటితే పలికేది కాదు. ఛానళ్లు కూడా తక్కువ. పక్కపక్క బల్లల మీద రెండు ఒకే ఛానల్‌లో పడితే, ఒకరు కదిపితే ఇంకొకరి బాణం కదిలేది.

తర్వాత అందరూ 2.4 గిగాహెర్ట్జ్‌కి మారారు. అక్కడ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లే. అందులో నాలుగో వంతు, అంటే మూడు సెంటీమీటర్ల యాంటెన్నా చాలు. దాన్ని మడిచి చిన్న ముక్కలో ఇమిడ్చేయొచ్చు. అలా 2007 ప్రాంతానికి డాంగిల్ గోరంత అయింది. పోర్టులో పెడితే ఉన్నట్టే తెలియదు. ఆ గోరంత డాంగిల్ పోర్టుని అంటుకుని కూర్చోవడమే తర్వాత మన తమ్ముడి కొంప ముంచింది. ఆ సంగతి వస్తోంది.

అందరిదీ, ఎవరిదీ కానిది

అసలు 2.4 గిగాహెర్ట్జ్‌కే ఎందుకు పోయారు? అక్కడ లైసెన్సు అక్కర్లేదు కాబట్టి. ఎందుకు అక్కర్లేదంటే, మొదట్లో ఆ జాగాని మాటలు పంపుకోవడానికి పనికొచ్చేదిగా ఎవరూ చూడలేదు.

1947లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో అంతర్జాతీయ టెలికాం సమావేశం జరిగింది. రేడియో తరంగాలను ఎవరు ఎక్కడ వాడాలో పంచుకున్నారు. పరిశ్రమలు, సైన్స్, వైద్యం కోసం కొన్ని బ్యాండ్‌లు పక్కన పెట్టారు. వేడి చేసే యంత్రాలు అక్కడ ఎంత రొద చేసుకున్నా ఫర్వాలేదన్నారు. ఇప్పటి మైక్రోవేవ్ ఓవెన్‌లు పనిచేసేది ఆ బ్యాండ్‌లలో ఒకటైన 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే. ఇంట్లో ఓవెన్ నడుస్తుంటే వైఫై తడబడేది అందుకే.

1985లో అమెరికా టెలికాం కమిషన్ ఒక నిర్ణయం తీసుకుంది. ఈ రొద జాగాల్లోనే, కబురుని ఒక్కచోట కాకుండా విస్తారంగా పరిచి పంపే పద్ధతిలో అయితే, లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చంది. అలా పరిచే దారుల్లో ఒకటి ఒక ఫ్రీక్వెన్సీ నుంచి ఇంకోదానికి గెంతుతూ పోవడం. ఆ ఆలోచనకి 1942లోనే ఒక పేటెంట్ ఉంది. తీసుకున్నది సినిమా నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్. శత్రువు అడ్డుకోలేని టార్పెడో కోసం 88 ఫ్రీక్వెన్సీల మీద గెంతే పద్ధతి రాసిచ్చారు. పియానోకి ఉండే మెట్లు కూడా 88. యుద్ధంలో నేవీ దాన్ని వాడలేదు. వైఫై మొదటి ప్రమాణం 1997లో వచ్చింది. ఆ తర్వాత వచ్చిన బ్లూటూత్ సెకనుకు 1600 సార్లు గెంతుతుంది.

మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం రేడియో పరికరం దగ్గర ఉంచుకోవడానికే లైసెన్సు కావాల్సి వచ్చేది. 2005 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ దాకా తక్కువ శక్తి పరికరాలకి ఆ లైసెన్సు ఎత్తేసింది. ఆ నియమాల్లో ఒక షరతు ఉంది. ఇది అందరూ పంచుకునే జాగా, నువ్వు ఇంకొకరికి అడ్డం కాకూడదు, నీకు అడ్డం వస్తే రక్షణ అడగకూడదు.

ఈ షరతు అర్థం కావాలంటే మన వారపు సంతని తలుచుకుంటే చాలు. సంత ఎవడి సొత్తూ కాదు. ఎవరైనా గంప దించుకోవచ్చు. కానీ పక్కవాడు గట్టిగా అరుస్తున్నాడని ఫిర్యాదు చేయడానికి లేదు. నీ మాట వినపడాలంటే దగ్గరికి జరగాలి, లేదా కాస్త పక్కకి రావాలి. 2.4 గిగాహెర్ట్జ్ అలాంటి సంతే. వైఫై రౌటర్, ఫోన్ హాట్‌స్పాట్, బ్లూటూత్ ఇయర్‌ఫోన్, పది మౌస్‌లు, అన్నీ ఆ 83.5 మెగాహెర్ట్జ్ జాగాలోనే. అందరిలోకీ మెల్లగా మాట్లాడేది మౌసే. చిన్న బ్యాటరీతో నెలల తరబడి బతకాలి కదా, గొంతు పెంచలేదు.

నీలం రంగు పోర్టు

ఇంతవరకు అరిచేవాళ్లంతా రేడియోలే. 2008 నవంబర్‌లో రేడియో కాని ఒకడు సంతలోకి వచ్చాడు. అదే యూఎస్‌బీ 3.0. సెకనుకు 5 గిగాబిట్ల వేగం. గుర్తుపట్టడానికి చాలా కంప్యూటర్లలో పోర్టు లోపల నీలం రంగు వేస్తారు.

అంత వేగంగా డేటా పరిగెత్తినప్పుడు వైరులోంచి, కనెక్టర్‌లోంచి విద్యుత్ రొద బయటికి చిమ్ముతుంది. ఆ రొద విస్తారంగా పరుచుకుని 2.4 గిగాహెర్ట్జ్ మీద కూడా పడుతుంది. 2012లో ఇంటెల్ కంపెనీ స్వయంగా దీన్ని కొలిచి ఒక పత్రం బయటపెట్టింది. యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ తగిలిస్తే ఆ ప్రాంతంలో రొద దాదాపు 20 డెసిబెల్స్ పెరిగిందని అందులో ఉంది. అంటే వందరెట్లు. వైర్‌లెస్ మౌస్ డాంగిల్ దగ్గర్లో ఉంటే మౌస్ ఆగి ఆగి కదులుతుందని, పనిచేసే దూరం తగ్గిపోతుందని రాశారు. పోర్టులకీ పరికరాలకీ లోహపు కవచం సరిగ్గా ఉండాలి, డాంగిల్‌ని దూరంగా పెట్టాలి అన్నారు.

అంటే చూడండి, మౌస్ ఎందుకు తడబడుతుందో తయారీదార్లకు 2012 నుంచీ తెలుసు. కాగితం మీద ఉంది. మా గదిలో మాత్రం అది తమ్ముడి చేతి తప్పు అయి కూర్చుంది.

నాలుగో నంబరు సిస్టమ్

మేం చేసింది వరసగా చెబుతాం.

మొదటి రోజు వైరున్న పాత మౌస్ ఒకటి అడిగి తెచ్చాం. అదే తమ్ముడు, అదే కుర్చీ, అదే సిస్టమ్, అదే గంట టెస్టు. బాణం ఒక్కసారి కూడా ఆగలేదు. చేతి మీద పెట్టిన కేసు ఆ రోజే కొట్టేశాం.

రెండో రోజు కొత్త బ్యాటరీ వేశాం. తేడా లేదు. నాలుగో సిస్టమ్ మౌస్‌ని దాని డాంగిల్‌తో సహా ఏడుకి మార్చాం. అక్కడ చక్కగా నడిచింది. ఏడో దాన్ని నాలుగుకి తెచ్చాం. అదీ బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. అంటే మౌస్ మంచిదే, చోటులో ఏదో ఉంది.

మూడో రోజు ఆదివారం. పొద్దున గది తెరిపించి చూస్తే నాలుగో సిస్టమ్ బంగారంలా పనిచేసింది. సాయంత్రం మళ్లీ అదే గోల. సాయంత్రం ఉండి పొద్దున లేనిదేంటి? అందరి ఫోన్ల హాట్‌స్పాట్‌లు. బతిమాలి అన్నీ ఆపించాం. కొంచెం నయమనిపించింది కానీ పోలేదు. అప్పుడు కేబినెట్ ముందు వైపు చూశాం. క్లాసుల వీడియోలు కాపీ చేయడానికి రోజూ సాయంత్రం ఒక హార్డ్‌డిస్క్‌ని నాలుగో సిస్టమ్‌కే తగిలిస్తారు. నీలం పోర్టుకి. దాని పక్క నీలం పోర్టులోనే మన గోరంత డాంగిల్. రెండింటి మధ్య వేలెడు సందు కూడా లేదు.

కాపీ అయ్యాక హార్డ్‌డిస్క్ తీశాం. బాణం నడిచింది. తగిలించి కాపీ పెట్టాం. బిగుసుకుపోయింది. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అంతే.

నాలుగో రోజు వంద రూపాయలు పెట్టి మీటరు పొడవు మామూలు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొన్నాం. డాంగిల్‌ని దాని చివర పెట్టి బల్ల మీద, మౌస్‌కి జానెడు దూరంలో టేపుతో అతికించాం. హార్డ్‌డిస్క్‌ని వెనక పోర్టుకి మార్చాం. అప్పటినుంచి నాలుగో నంబరు సిస్టమ్ ఆగలేదు.

సార్‌ని పిలిచి చూపించాం. ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత ఆయనే ఇంకో మూడు కేబుళ్లు తెప్పించారు.

మీ దగ్గర ఇలా చూడండి

ముందు వైరున్న మౌస్ పెట్టి చూడండి. అదీ తడబడితే గొడవ వైర్‌లెస్‌ది కాదు, కంప్యూటరే నెమ్మదిగా ఉందేమో చూడాలి. వైరు మౌస్ బాగుంటే కిందివి వరసగా చూడండి.

బ్యాటరీ మార్చండి. ఖర్చు తక్కువ పని ముందు చేయాలి.

బల్ల పైభాగం చూడండి. అద్దం మీదా, బాగా మెరిసే బల్ల మీదా మౌస్ కింది లైటుకి ఆనవాలు దొరకదు. ఒక తెల్ల కాగితం వేసి చూస్తే తెలిసిపోతుంది.

డాంగిల్ ఎక్కడుందో చూడండి. కేబినెట్ బల్ల కింద, డాంగిల్ వెనక వైపు ఉంటే, మధ్యలో ఇనప డబ్బా, మీ కాళ్లు అడ్డం. ఇనుము తరంగాన్ని ఆపేస్తుంది. మన ఒంట్లో ఎక్కువ నీళ్లే కాబట్టి ఒళ్లు కూడా చాలావరకు మింగేస్తుంది. డాంగిల్‌ని కేబుల్‌తో బల్ల మీదికి తెండి.

నీలం పోర్టులో పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్క్ ఉంటే డాంగిల్‌ని దూరం జరపండి. నల్ల పోర్టు ఖాళీ ఉంటే దానిలో పెట్టండి. అదీ నీలం పోర్టుకి ఆనుకునే ఉంటే ఎక్స్‌టెన్షన్ కేబుల్ వాడాల్సిందే.

కాసేపు వదిలేస్తేనే మౌస్ నిద్రపోయి, లేవడానికి మొండికేస్తుంటే విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరవండి. యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటుంది. కరెంటు ఆదా కోసం దీన్ని ఆపొచ్చు అనే చోట టిక్ తీసేయండి.

ల్యాబ్ అయితే మౌస్ మీదా, డాంగిల్ మీదా ఒకే నంబరు స్టిక్కర్ వేయండి. మా గదిలో రెండో సిస్టమ్ డాంగిల్, తొమ్మిదో దాని డాంగిల్ ఎప్పుడో తారుమారయ్యాయి. ఒక అమ్మాయి మౌస్ కదిపితే గదికి అవతలి మూల బాణం కదిలేది. ఆమెని కూడా "నీకు రాదు" అనే అన్నారు.

ఇంకొకటి. అసలు పరీక్ష రోజు ఇలా అయితే మొహమాటపడకుండా చెయ్యెత్తి ఇన్విజిలేటర్‌ని పిలవండి. "మౌస్ ఆగిపోతోంది, మార్చండి" అని ఆ నిమిషంలోనే చెప్పండి. పరీక్ష అయ్యాక చెబితే వినేవాడుండడు.

ముగించే ముందు

మనలో చాలామందిమి మన ఇంట్లో కంప్యూటర్ ముట్టుకున్న మొదటి తరం. అందుకే అది మొరాయిస్తే ముందు మన మీదే మనకి అనుమానం. ఎవరైనా పైకి ఒక మాట అంటే ఆ అనుమానం ఖాయమైపోతుంది. మౌస్ చేసినవాళ్లు మాత్రం కొత్తవాడి చెయ్యి తడబడితే వస్తువుని దిద్దుకున్నారు. మనం కూడా ముందు వస్తువుని అడుగుదాం. ఆ తర్వాత కూడా తప్పు మనదేనని తేలితే నేర్చుకుందాం, అందులో సిగ్గేం లేదు.

తమ్ముడు ఆఖరు తేదీకి మూడు రోజుల ముందు అప్లికేషన్ పెట్టాడు. నాలుగో నంబరు సిస్టమ్ దగ్గరే కూర్చుని, ఆ మౌస్‌తోనే పెట్టాడు. పరీక్ష ఇంకా రాయాలి. ఇప్పుడు గదిలో ఎవరి మౌస్ ఆగినా ముందు వాడినే పిలుస్తున్నారు. వాడు వెళ్లి మొదట అడిగే మాట ఒకటే: "డాంగిల్ ఎక్కడ పెట్టావ్?"